కొలవకుండా ఇచ్చిన బండి

ఈమధ్య మా మనవరాలికి బండి కొందామని తెనాలిలో ఒక షోరూముకి వెళ్ళాను. ఇప్పుడన్నీ కరెంటు బండ్లే. మా కంటే ముందు ఒక పెద్దమనిషి వచ్చి నిలబడి ఉన్నాడు. ఆరడుగుల పైన ఎత్తు, దానికి తగ్గ ఒళ్ళు, తల ముగ్గుబుట్ట. అక్కడ పనిచేసే అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న, ఏ కలర్ చూపించమంటారు సార్ అని. నాకు ఒళ్ళు మండింది. ఆ మరుక్షణమే నా మీద నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు బండ్లమ్మి రిటైరైనవాణ్ణి, నేనూ ఎన్నో ఏళ్ళు అదే ప్రశ్నతో మొదలుపెట్టాను. ఒకసారి బాగా గడ్డి తిన్న తరవాత మానేశాను. ఆ సంగతి ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. నీతులు చెబుతున్నానని భయపడకండి. చేసిన వెధవ పని చెప్పుకుంటున్నాను, అంతే.

రెండువేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో మా ఓనరుగారు ఎరువుల వ్యాపారం తగ్గించుకుని తెనాలిలో కరెంటు స్కూటర్ల షాపు పెట్టారు. అంతకుముందు పదిహేనేళ్ళు మోపెడ్లు అమ్మిన అనుభవం ఉందని నన్ను తీసుకున్నారు. ఆయనకు రెండే నియమాలు. షాపులోకి వచ్చినవాడు బండి చూడకుండా వెళ్ళకూడదు, అమ్మేవాడు చొక్కా టక్ చేయకుండా నిలబడకూడదు. నేను గాలొస్తే ఎగిరిపోయే మనిషిని. టక్ చేస్తే వెదురుకర్రకి చొక్కా తొడిగినట్టుండేది. అయినా చేసేవాణ్ణి.

షాపులో నాతోపాటు ఒక మెకానిక్కు ఉండేవాడు. అంతకుముందు పొలాల్లో మోటార్లకు వైండింగు చుట్టేవాడు. పనిమంతుడే కానీ నోరు గరుకు కాగితం. కస్టమర్ల ముందు నోరెత్తొద్దని ఓనరుగారు గట్టిగా చెప్పడంతో అతను వేరే దారి కనిపెట్టాడు. నేను అబద్ధం ఆడుతున్నానని అనిపించినప్పుడల్లా వెనకాల చేతిలో స్పానరు నేల మీద పడేసేవాడు. ఠంగుమని మోగేది. కస్టమరు ఉలిక్కిపడేవాడు. నేను మాత్రం విననట్టు నటించేవాణ్ణి.

ఆ రోజుల్లో కరెంటు బండంటే ఇప్పటిలా కాదు. సీటు కింద నాలుగు సీసం బ్యాటరీలు, ఒక్కోటి ఇన్వర్టరు బ్యాటరీ అంత బరువు. సైకిలు కంటే కాస్త జోరుగా పోయేది. లైసెన్సు అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు, కిక్కు కొట్టక్కర్లేదు. ఒక్క ఛార్జింగుతో ఎంత దూరం వెళుతుందో చూడమని ఓనరుగారు నన్నే ఎక్కించారు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళి, తిరిగి దాదాపు తెనాలి దాకా వచ్చేశాను. మర్నాడే షాపు ముందు బోర్డు లేచింది, ఒక్క ఛార్జింగుతో అరవై కిలోమీటర్లని. మెకానిక్కు ఆ బోర్డు కేసి చూసి, అది నీ ఒంటికి రాసిన బోర్డు, ఊరందరి ఒంటికీ కాదు అన్నాడు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చివరి పేజీ అడుగున సన్నక్షరాల్లో ఆ మాటే ఉంది. డెబ్బై అయిదు కిలోల మనిషి ఒక్కడే కూర్చుంటే అని. మా వైపు లెక్కలో అది ఒక బస్తా ధాన్యం. ఆ పేజీ నేనెప్పుడూ ఎవరికీ చూపించలేదు.

ఒకరోజు పొద్దున పదింటికి షాపులోకి ఒకాయన తల వంచుకుని వచ్చాడు. వంచకపోతే షట్టరు తగిలేది. అరవై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన తెల్లగడ్డం, తెల్ల టోపీ, మెడలో టేపు. పిట్టలవానిపాలెంలో టైలరట. ఆ చుట్టుపక్కల మాస్టారంటే ఆయనే. ప్రయాణంలో కూడా టేపు తీయడం మరిచిపోయాడు. మా ప్లాస్టిక్ కుర్చీ చూసి అందులో కూర్చోకుండా, గోడవారగా ఉన్న సిమెంటు అరుగు మీద కూర్చున్నాడు. తన సంగతి తనకు తెలిసిన మనిషి. అక్కడే నాకు అర్థం కావాల్సింది.

ఆయన కుదురుగా చెప్పుకొచ్చాడు. రెండు నెలల కిందట వాళ్ళావిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట తడబడుతోంది. బాపట్లలో ఒక డాక్టరమ్మ వారానికి మూడురోజులు చేతికీ కాలికీ వ్యాయామాలు చేయిస్తోంది. మొదటి ఆరు నెలల్లో ఎంత తిరిగొస్తే అంత, తరవాత కష్టమని ఆవిడ చెప్పిందట. రానూపోనూ ఇరవై ఆరు కిలోమీటర్లు. వాళ్ళావిడ బస్సు మెట్లు ఎక్కలేదు. ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కోలేదు. ఈయన పాత స్కూటరుకు కిక్కు కొడదామంటే మోకాలు పోయింది. పైగా ఆ చప్పుడుకి ఆమెకు తల తిరుగుతుంది. బాపట్ల బజారులో కరెంటు బండి పిల్లిలా పోతుంటే చూసి మా అడ్రసు కనుక్కుని వచ్చాడు.

"మా కొట్లో గుండీల కాజాలన్నీ ఆవిడ చేతివే బాబూ. ముప్పై ఏళ్ళ నుంచి," అన్నాడు. "మిషను కాజా నేను ఒప్పుకోను. ఆ చెయ్యి రావాలి. అందుకే ఈ బండి."

తరవాత సూటిగా అడిగాడు, ఇది నన్ను మోస్తుందా అని. ఎన్నాళ్ళుగానో అందరికీ చెప్పే మాట నా నోట్లోంచి దానంతటదే జారిపోయింది.

"భలేవారండి మాస్టారూ. ఏనుగెక్కినా మోస్తుంది."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన పొట్ట కదిలేలా నవ్వేశాడు. నాకు మాత్రం చెవుల్లోంచి పొగలొచ్చాయి. మనవైపు మనిషి ముఖం మీద ఒంటి మాట ఎత్తుతామా? దిష్టి అంటారు, కాకపోతే పొగరంటారు. ఎత్తకూడని మాట ఎత్తనే ఎత్తాను, ఇంక మళ్ళీ బరువెంతండీ అని ఏ ముఖం పెట్టుకుని అడగను? వెనకాల ఆవిడ కూర్చుంటుందని ఆయనే చెప్పాడు. పరాయి ఆడమనిషి, అందులోనూ ఒంట్లో బాగాలేని మనిషి, ఆమె ఎంత ఉంటుందని అడగడం నాకు మరీ చేతకాలేదు. సిగ్గు కప్పుకోవడానికి గబగబా రంగుల్లోకి దిగాను. ఎరుపు, వెండి, నీలం. వెనకాల స్పానరు పడింది.

నిజానికి ఇంకో రకం బండి ఉంది. అయిదు బ్యాటరీలు, గట్టి మోటారు, వెడల్పు సీటు, కాళ్ళు చాపుకునేంత జాగా. దానికి రిజిస్ట్రేషను, లైసెన్సు కావాలి. అందుకని ఎవరూ కొనక ఒకే ఒక్కటి రేపల్లెలో మా బ్రాంచిలో దుమ్ము కొట్టుకుని ఉంది. అది తెప్పించి కాగితాలు చేయించాలంటే వారం పడుతుంది. ఈ వయసులో లైసెన్సు ఏముంటుందిలే అని నాకు నేనే అనేసుకున్నాను. అదీ అడగలేదు.

రంగు మాత్రం ఆయన ఇంట్లో అడగాలన్నాడు. జేబులోంచి చిన్న సెల్లు తీసి ఫోను చేశాడు. రంగులన్నీ ఉర్దూలో చెప్పి ఆగాడు. చాలాసేపు ఆగాడు. అవతల ఆమె మాట కూడదీసుకుంటోందని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. తొందరపెట్టలేదు, అందించలేదు. చివరికి తలూపి, నీలం అన్నాడు. నాలుగు బ్యాటరీల చిన్న బండి, నీలం రంగుది, ఆ పూటే ఇచ్చేశాను. ఆయన దాని మీద కూర్చుంటే మోకాళ్ళు హ్యాండిల్‌కి తగిలి, తిప్పడానికి కాళ్ళు రెండూ బయటికి తెరవాల్సి వచ్చింది. అలవాటవుద్దిలెండి మాస్టారూ అన్నాను. స్పానరు రెండోసారి పడింది.

మూడు వారాల తరవాత మెకానిక్కు మొదటి సర్వీసుకని పిట్టలవానిపాలెం వెళ్ళొచ్చాడు. వచ్చి సంచీ కింద పెట్టి, నా ఎదురుగా నిలబడి చెప్పాడు. మొదట నాలుగైదుసార్లు ఎలాగో ఈడ్చుకుంటూ ఇంటికి చేరారట. ఆ తరవాత ఒక మధ్యాహ్నం, బాపట్ల నుంచి తిరిగి వస్తుంటే, ఎదురుగాలిలో, ఊరికి ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా బండి ఆగిపోయింది. ఆమె నడవలేదు. దారినపోయే ఆటోలు నిండుగా ఉన్నాయి. ఆమెను రోడ్డుపక్కన కూర్చోబెట్టి సాయానికి వెళ్దామంటే ఒక్కదాన్నే వదలొద్దని ఏడ్చింది. దాంతో ఆయన ఆమెను సీటు మీదే కూర్చోబెట్టి, ఒక చేత్తో ఆమెను, ఒక చేత్తో హ్యాండిల్‌ను పట్టుకుని బండి తోసుకుంటూ నడిచాడు. నాలుగు కిలోమీటర్లు నడిచాక ఒక ట్రాక్టరు దొరికింది. అప్పటికి మోకాలు కుండలా వాచిపోయింది. పదిరోజులు కత్తెర పట్టలేదు.

"ఆమె ఇంక బాపట్ల రానందంట," అన్నాడు మెకానిక్కు. "నా చెయ్యి కోసం నువ్వు పడిపోతే నాకు ఆ చెయ్యెందుకు అందంట."

ఓనరుగారు విని, ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. బ్యాటరీ ఫిర్యాదు ఏదొచ్చినా మా షాపులో జాబ్ కార్డు మీద ఒకటే వాక్యం రాయడం ఆనవాయితీ, కస్టమరు ఛార్జింగు సరిగా పెట్టలేదని. ఆ వాక్యం రాస్తే తప్పు మన గడప దాటిపోతుంది. రాయమన్నారు. రాశాను, నా చేత్తోనే. అందంగా గుండ్రంగా రాశాను కూడా. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను సిగ్గుపడే పని ఒకటి చెప్పమంటే ఆ బండి అమ్మడం కాదు, ఈ వాక్యం రాయడమే చెబుతాను.

రెండు రోజులు అలాగే గడిచాయి. అక్కడ ఆరు నెలల్లో ఒక్కో రోజూ కరిగిపోతోంది, ఇక్కడ నేను రంగులు చూపిస్తున్నాను. మూడోరోజు షాపులో ఒక్క కస్టమరు కూడా లేడు. ఖాళీగా కూర్చుని ఉన్నాను. వెనకాల స్పానరు పడింది. తిరిగి చూస్తే మెకానిక్కు నన్నే చూస్తున్నాడు. ఇద్దరం బాపట్ల రైలెక్కాం.

పిట్టలవానిపాలెంలో ఆయన కొట్టు ఇంటి ముందుగదే. నడుమ ఒక కర్టెను. నీలం బండి చూరు కింద గోనెపట్టా కప్పుకుని ఉంది. మాస్టారు బల్లకి ఆనుకుని, వాచిన కాలు స్టూలు మీద పెట్టుకుని గుడ్డ కత్తిరిస్తున్నాడు. తిడతాడనుకుని తయారై వెళ్ళాను. తిడితే బాగుండేది. ఆయన కత్తెర పక్కన పెట్టి, ఇలా రా బాబూ, నిలబడు అన్నాడు. మెడలోంచి టేపు తీసి నా భుజాలు, ఛాతీ, నడుము, చెయ్యి కొలవడం మొదలుపెట్టాడు. ఎందుకో అర్థం కాక బొమ్మలా నిలబడ్డాను. కొలిచిన ప్రతిసారీ బల్ల మీద చీటీలో ఆయనే రాసుకుంటున్నాడు. నోటితో ఒక్క అంకె కూడా చెప్పలేదు. చీటీ మడిచి డబ్బాలో వేసి అప్పుడు మాట్లాడాడు.

"నలభై ఏళ్ళుగా ఇదే నా పని. పెళ్ళికొడుకు వస్తాడు, మామగారు వస్తాడు, ఇంతలావు పొట్టేసుకుని షావుకారు వస్తాడు. పదిమంది ఉంటారు కొట్లో. నేను అంకె పైకి చెప్పను బాబూ, నేనే రాసుకుంటా. ఆ చీటీ ఇంకోడికి చూపించను. అది వాళ్ళ పరువు. కానీ కొలవకుండా మాత్రం కత్తెర పెట్టను." టేపు వేలికి చుట్టుకున్నాడు. "నువ్వు మంచోడివే. అడగటానికి మొహమాటపడ్డావు. షాపులో నా పరువు కాపాడి, రోడ్డు మీద తీసేశావు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. తప్పు నాదేనండి మాస్టారూ అన్నాను. బరువు అడగలేదు, ఆవిణ్ణి చూడలేదు, లైసెన్సు ఉందో లేదో కూడా కనుక్కోలేదన్నాను. లైసెన్సుకేం, పాత స్కూటరుది ఇంకా రెండేళ్ళు ఉందన్నాడు. మెకానిక్కు అక్కడున్న నీళ్ళ చెంబు ఎత్తి గడగడా తాగాడు. తిట్టాలనిపించినప్పుడు అలా తాగుతాడు.

మాస్టారు టేపు నా చేతికిచ్చాడు. ఇప్పుడు కొలువు అన్నాడు. నేలకి మోకాలు ఎంత ఎత్తు, కూర్చుంటే నడుము నుంచి మోకాలికి ఎంత, బండి సీటు నుంచి పాదాలు పెట్టే పలక దాకా ఎంత, హ్యాండిల్‌కి ఎంత. ఆయన ఎలా పట్టుకోవాలో చూపిస్తుంటే నేను కొలిచాను. చూస్తే చిన్న బండిలో ఆయన కాలికి జానెడు జాగా తక్కువ. అది అలవాటయ్యే తక్కువ కాదు. ఇంక బరువు మిగిలింది. వీధి చివర రైసుమిల్లులో ఇనుప కాటా ఉంది, పదమన్నాడు. అంతలో కర్టెను వెనకనుంచి మాట వినిపించింది. ఒక్కో ముక్కా వెతుక్కుని, పక్కన పెట్టుకుంటూ వచ్చిన మాట.

"నన్ను... కూడా... తూయండి."

కర్టెను జరిగింది. ఆమె గోడ పట్టుకుని నిలబడి ఉంది. నిండైన మనిషి. తల మీద కొంగు, కుడి చెయ్యి పొట్ట దగ్గర ముడుచుకుని ఉంది. బండెక్కనన్న మనిషి ఎందుకు వచ్చిందా అని మాస్టారే ఆశ్చర్యపోయాడు. ఉర్దూలో ఏదో అడిగాడు. ఆమె నా వైపు చూపించి ఏదో చెప్పింది. తరవాత ఆయన తెలుగులో చెప్పాడు, ఇంతదూరం వచ్చి తప్పు ఒప్పుకున్నాడు కదా, ఇంకోసారి చూద్దామంటోందని.

మిల్లు యాభై గజాలు. వెళ్ళడానికి పావుగంట పట్టింది. కాటా దగ్గర హమాలీలు బస్తాలు తూస్తున్నారు. వాళ్ళు తప్పుకుని దారిచ్చారు. మాస్టారు ఎక్కగానే కాటా చూసే ముసలాయన అలవాటు కొద్దీ "లాభం" అని గట్టిగా అన్నాడు. ధాన్యం తూసేటప్పుడు ఒకటి అనకుండా లాభం అనడం మా వైపు మామూలే. అందరూ నవ్వారు, మాస్టారూ నవ్వాడు. అంకె పైకి చెప్పొద్దని చెప్పి చీటీ మీద రాయించుకున్నాం. తరవాత మాస్టారు, నేను చెరోపక్కా పట్టుకుంటే ఆమె ఎక్కింది. క్షణంసేపు మా చేతులు వదిలి నిలబడింది. ఆ అంకె కూడా చీటీలో రాసుకున్నాను. ఇద్దరిదీ కలిపి పుస్తకంలో రాసిన ఒక బస్తా లెక్కకి ఎంతో దూరంలో ఉందని మాత్రం చెబుతాను. ఆ అంకెలు ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను.

మర్నాడు మెకానిక్కు మోపెడ్ మీద ఇద్దరం సరాసరి రేపల్లె వెళ్ళాం. పెద్ద బండి దుమ్ము దులిపి, రాత్రంతా ఛార్జింగు పెట్టించాం. పొద్దున ఆ చీటీ ముందు పెట్టుకుని, అందులోంచి నా బరువు తీసేసి, మిగిలినదానికి సరిపడా బియ్యం బస్తాలు తూయించి బండికి కట్టాం. రేపల్లె నుంచి తెనాలి ముప్పైనాలుగు కిలోమీటర్లు, వాళ్ళకి కావాల్సిన దానికంటే కాస్త ఎక్కువ. బండి ఇక్కడ ఆగిపోతే అక్కడ ఆమె దారిలో ఆగిపోయినట్టే. మెకానిక్కు మోపెడ్ మీద వెనకాలే వచ్చాడు. భట్టిప్రోలులో టీకొట్టు దగ్గర ఒకాయన బియ్యం వ్యాపారం ఎప్పుడు మొదలెట్టావేంటి అని అడిగాడు. దారిపొడుగునా చూసినవాళ్ళందరూ నవ్వినవాళ్ళే. వేమూరు దాటాక ఛార్జింగు సూది ఎరుపులోకి దిగింది. నా గుండె కూడా దానితోపాటే దిగింది. తెనాలి పొలిమేరకి వచ్చేసరికి బండి నడకలోకి పడింది కానీ ఆగలేదు. షాపు ముందు ఆపి, చెమట తుడుచుకుంటూ వెనక్కి చూస్తే మెకానిక్కు మొదటిసారి నా వైపు చూసి తలూపాడు. అయినా వాడి నోరు ఊరుకోదు. ఇది ఈ ఏడాదికి, వచ్చే ఏడాది బ్యాటరీలు ముసలివైతే ఇంత రాదు, ఆ మాట కూడా ఆయనకు చెప్పు అన్నాడు. చెప్పాను.

ఇంక ఓనరుగారు ఉన్నారు. జాబ్ కార్డు తీసి నేను రాసిన వాక్యం కొట్టేసి, దాని కింద, కస్టమరు తప్పు లేదు, సరిపోని బండి నేను అమ్మాను అని రాసి సంతకం పెట్టి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన ఎగిరిపడి, వాడేసిన చిన్న బండి ఎవడు కొంటాడయ్యా అని అరిచారు. నేను కొంటానన్నాను. దాన్ని చేసిందే నాలాంటి ఒంటికి కదా. ఆయన కాసేపు నన్ను పైనుంచి కిందికి చూసి, చివరికి నవ్వేశారు. ఆ నీలం బండి మీదే ఆరేళ్ళు షాపుకి వచ్చాను.

పెద్ద బండి ఇచ్చే ముందు సీటు మాస్టారే విప్పించుకున్నాడు. కింద చెక్క, పైన దళసరి స్పాంజి వేసి రెండంగుళాలు ఎత్తు పెంచి, తోలుగుడ్డ కొత్తగా కుట్టాడు. దాంతో మోకాళ్ళు హ్యాండిల్ కిందికి దిగాయి. వెనక ఆమెకి ఆనుకునేందుకు మెకానిక్కు ఒక కమ్మీ వెల్డింగు చేశాడు. దానికి మాస్టారు దిండు తొడిగి, నడుముకి కట్టుకునే పట్టీ కుట్టాడు. ఎక్కువ బరువు మోస్తుంది కాబట్టి టైర్లలో గాలి వారం వారం చూడాలని, బ్రేకు ఎప్పుడూ వేసేదానికంటే ముందుగా వేయాలని దగ్గరుండి చెప్పాను. ఆ వారం నుంచి వాళ్ళు మళ్ళీ బాపట్ల వెళ్ళడం మొదలుపెట్టారు. మధ్యలో మూడు వారాలు పోయాయి.

తరవాత సర్వీసుకు వెళ్ళినప్పుడల్లా మాస్టారు, నీ చొక్కా కుడుతున్నా బాబూ అనేవాడు. ఆ రోజు తీసుకున్న కొలతలు చొక్కాకట. నెల తరవాత వెళ్తే కాజాలు మిగిలాయన్నాడు. ఇంకో నెలకి వెళితే ఇంకా మూడు కాజాలన్నాడు. నాకు నవ్వొచ్చింది. దర్జీ వాయిదాలు నాకు కొత్తా? పండక్కి ఇస్తానన్న చొక్కా మళ్ళీ పండక్కి ఇచ్చినవాళ్ళని ఎంతమందిని చూశాను. ఆయన కూడా ఆ బాపతేనని మెకానిక్కుతో అన్నాను. అతను చేతిలో స్పానరు కింద పడేశాడు. అతనికి అప్పటికే తెలుసట.

అయిదో నెలలో ఆయనే తెనాలి వచ్చాడు, బండి మీద కాదు, రైల్లో. సిమెంటు అరుగు మీద కూర్చుని కాగితం పొట్లం విప్పాడు. లేత నీలం పొట్టిచేతుల చొక్కా. తీసి చూశాను. అడుగునున్న కాజా చూసి, ఇదేంటబ్బా ఇంత పేరున్న టైలరు అనుకున్నాను. దారం పిచ్చుకగూడులా రేగిపోయి, చీలిక వంకరగా ఉంది. దాని పైది కాస్త నయం. ఆ పైది ఇంకాస్త. అలా ఒక్కొక్కటే పైకి చూసుకుంటూ వెళ్ళాను. ఆరోది, మెడ దగ్గరది, అచ్చు పోసినట్టు ఉంది.

"ఆవిడే కుట్టింది," అన్నాడు మాస్టారు. "కింద నుంచి మొదలెట్టింది. మొదటిది బాగా రాదు కదా, టక్ చేస్తే కనపడదులే అంది."

మెకానిక్కు లేచి వెళ్ళి నీళ్ళు తాగాడు. నేను చొక్కా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆమె కాలు సంగతి అడిగితే, కర్ర పట్టుకుని నడుస్తోంది, అంతేలే అన్నాడు. ఆ మూడు వారాలు పోకుండా ఉంటే కాలు కూడా వచ్చేదేమో. డాక్టరమ్మని కనుక్కోవచ్చు. బాపట్ల ఎంతో దూరం లేదు. ఎన్నిసార్లో ఆ వీధి మీదుగా వెళ్ళాను కూడా. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేకపోయాను.

మిగతావన్నీ ఆ తరవాత అడగడం నేర్చుకున్నాను. అరుగు పక్కన ఒక కాటా పెట్టించి, వచ్చినవాళ్ళని అలా నిలబడండి అనేవాణ్ణి. అంకె నేనే చూసి నేనే రాసుకునేవాణ్ణి. వెనకాల ఎవరు కూర్చుంటారు, ఎంత దూరం, ఎలాంటి రోడ్డు, మోకాలు ఎలా ఉంది. ఎవరూ కోప్పడలేదు. రంగు చివర్లో అడిగేవాణ్ణి. స్పానరు పడటం బాగా తగ్గింది.

ఆ చొక్కా వేసుకుని షాపుకి వెళ్ళిన మొదటిరోజు ఓనరుగారు గుమ్మంలోనే ఆపి, టక్ ఏదయ్యా అన్నారు. ఈ ఒక్క చొక్కాకి టక్ చేయనండి అన్నాను. ఎందుకని అడిగారు. అడుగు కాజా చూపించి చెప్పాను. ఆయన దాన్ని వేలితో తడిమి చూసి, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.